చవితి చంద్రుడూ, రైతుగారి డబుల్ బారెలూ

కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎవరైనా మా ఇంటికొస్తే కాఫీ చల్లారకముందే ఒక ప్రశ్న అడుగుతారు. “సార్, మీ సర్వీసులో ఎంతమందిని కాల్చారండీ?” నేను ఆర్మరర్‌గా చేశానని వాళ్ళకి ఎవరో చెప్పి ఉంటారు. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడు కాదు, తుపాకులకి వైద్యం చేసేవాడు. స్ప్రింగు విరిగితే మార్చడం, తుప్పు పడితే గీకడం, నూనె పెట్టడం, గొట్టంలో సాలీడు కాపురం పెడితే ఖాళీ చేయించడం, ఇదీ నా ఉద్యోగం. ఒక్కణ్ణి కూడా కాల్చలేదని చెబితే పాపం ఆ పిల్లల మొహాలు వాడిపోతాయి. కాఫీ బాగుందండీ అని చెప్పి లేచి వెళ్ళిపోతారు.

వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా సర్వీసులో గర్వంగా చెప్పుకోదగ్గ సాయంత్రం ఒకటుంది. ఆ సాయంత్రం తుపాకీ పేలలేదు. పేలి ఉంటే ఒక మనిషి పోయేవాడు, రెండు కుటుంబాలు మొహమొహాలు చూసుకోకుండా అయిపోయేవి, ఆ తుపాకీ బాగుందని సంతకం పెట్టిన నేను ఇవాళ ఇలా కులాసాగా కూర్చుని రాసేవాణ్ణి కాదు.

నాకు పని నేర్పినాయన ఏలూరు ఆయుధాల గదిలో నాకంటే ముందు ఆర్మరర్. మనిషి బక్కగా ఉండేవాడు, గొంతు మాత్రం నలుగురికి సరిపోయేది. ఆయన గదిలోకి ఎవరొచ్చినా గడప బయట నిలబడి పేరు చెప్పాలి. పై అధికారి వచ్చినా అంతే. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చే వాళ్ళావిడ కూడా గడప అవతల నిలబడి, “నేనేనండీ, మీ భోజనం” అంటే తప్ప ఈయన తల ఎత్తేవాడు కాదు. నేనొకసారి నవ్వితే నా వైపు తిరిగి, “తుపాకీకి కళ్ళుండవు, నీవి అరువివ్వాలి. అరువిచ్చే తీరిక లేనప్పుడు దాన్ని ముట్టుకోకు” అన్నాడు. ముప్పొద్దులా ఆ మాటే వినీ వినీ నాకు విసుగొచ్చేది. రిటైరై వెళ్ళిపోయేటప్పుడు నాకు ఒక మంచి స్క్రూడ్రైవరూ, ఆ మాటా వదిలి వెళ్ళాడు. స్క్రూడ్రైవర్ ఎవరో పట్టుకుపోయారు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులున్నవాళ్ళంతా వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఎన్నికలయ్యాక మళ్ళీ పట్టుకెళ్ళాలి. రెండు వేల తర్వాతి మాట, ఒక ఏడు పంచాయతీ ఎన్నికలయ్యాయి. కొల్లేరు పక్క స్టేషన్ ఒకదానిలో తుపాకులు తిరిగిచ్చే రోజున నన్ను పంపారు. ఇచ్చేముందు ఒకసారి చూసి, సరిగా ఉన్నాయని సంతకం పెట్టడానికి. ఆ స్టేషన్ ఎస్సైగారు హుషారైన మనిషి. “హెడ్డుగారూ, వచ్చారు కదా, వీళ్ళకి రెండు మంచి ముక్కలు చెప్పండి” అన్నాడు. అప్పటికి నేను హెడ్ కానిస్టేబుల్ని. మాట్లాడమంటే కాదనే గుణం నాకు పుట్టుకతో లేదు. మా నాన్నగారు ఏలూరులో మిషన్ స్కూలు మాస్టారు, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవారు. ఆ రక్తం ఎక్కడికి పోతుంది?

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది వరి రైతులు, చేపల చెరువులవాళ్ళు. అందరూ తెల్లబట్టల్లో బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. తుపాకీ ఎలా పేల్చాలో నేను చెప్పనని, ఎలా పేల్చకుండా ఉండాలో చెబుతానని మొదలుపెట్టాను. ఇంట్లో తుపాకీ ఉన్నవాడికి చీకట్లో ప్రతి చప్పుడూ దొంగలాగే వినబడుతుంది. అందుకని చప్పుడైతే ముందు ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో చూసుకోండి, తర్వాత ఎవరని గట్టిగా పిలవండి, తర్వాత దీపం వేసి మనిషి మొహం చూడండి, ఫోను చేయగలిగితే స్టేషనుకి చేయండి, తుపాకీ మాట అన్నిటికంటే చివర అన్నాను. సగంమంది కిటికీలోంచి బయట టీ కొట్టు వైపు చూస్తున్నారు.

ముందు బెంచీలో ఒక చేపల రైతు మాత్రం శ్రద్ధగా విన్నాడు. నిండైన మనిషి, మెత్తటి గొంతు. వాళ్ళ నాన్నగారి నాటి డబుల్ బారెల్ తుపాకీ లైసెన్సు ఈయన పేరు మీదికి మారి ఎంతో కాలం కాలేదు. ఈయన చెరువు గట్టు మీద ఆయిల్ ఇంజను అంతకు కొద్దిరోజుల ముందే ఎవరో ఎత్తుకుపోయారు. ఆ మంట ఇంకా ఆరలేదు.

“ఒక్క అనుమానమండీ. ఎవరండీ అని మనం కేకేస్తే దొంగ పారిపోతాడు కదండీ?” అన్నాడు.

“పారిపోతే మన పని అయిపోయినట్టే కదండీ.”

బెంచీలన్నీ నవ్వాయి. ఆయన నవ్వలేదు.

“సరేనండీ. పిలిస్తే పలక్కపోతే?”

“దీపం వేసి చూడండి.”

“కరెంటు పోయిందనుకోండి.”

“టార్చి వెయ్యండి.”

“టార్చిలో బ్యాటరీలు లేవనుకోండి.”

ఈయన నన్ను వదిలేలా లేడు. “బ్యాటరీల్లేకపోతే ఇంట్లో తుపాకీ కూడా లేదనుకోండి. అంతేనండీ” అన్నాను. ఈసారి ఎస్సైగారు కూడా నవ్వాడు. రైతుగారు మాత్రం ఏదో లెక్క తేలనట్టు తల ఆడిస్తూ తుపాకీ తీసుకుని వెళ్ళిపోయాడు. బాగానే జవాబు చెప్పానని నాకు నేను భుజం తట్టుకుని ఏలూరు బస్సెక్కాను.

అది జరిగిన కొద్దిరోజులకే వినాయక చవితి వచ్చింది. పండగ బందోబస్తుకి మనుషులు చాలక ఆయుధాల గదిలో ఉన్నవాళ్ళని కూడా ఊళ్ళకి పంపేవారు. నన్ను పంపిన ఊరు భీమడోలు దాటి కొల్లేరు వైపు లోపలికి ఉంటుంది. ఊరికి మూడు వైపులా చేపల చెరువులే. ఒకే పందిరి, తగవులు లేని ఊరు. నేను చేయాల్సిందల్లా కుర్చీలో కూర్చోవడం, పిల్లలు మైకు గట్టిగా పెడితే తగ్గించమనడం. సాయంత్రం చూస్తే మన రైతుగారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన ఊరు అదేనని నాకు అప్పుడు తెలిసింది.

“హెడ్డుగారూ, మా ఊరొచ్చి మా ఇంటికి రాకపోతే ఎలాగండీ? రండి, పందిరి ఎక్కడికీ పోదు” అని చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. పందిరి దగ్గర పెద్దమనుషులున్నారు, వాళ్ళకి చెప్పి వెంట నడిచాను. ఇల్లు ఊరి చివర. మేడ మీద ఒక గది ఉంది. వెనక పెరడు, పెరట్లో చేపల మేత బస్తాలు దాచే రేకుల షెడ్డు, దాని పక్కన గుబురుగా అరటి చెట్లు, వాటి వెనక చెరువు గట్టు. వరండాలో ఒక పెద్దాయన పడక కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

“మా బావగారండీ, మా అమ్మాయి మామగారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. మధ్యాహ్నం రావలసినవారు, బస్సు దొరక్క ఇప్పుడే దిగారు” అన్నాడు రైతుగారు. ఆ చెప్పడంలో కలెక్టరుగారిని పరిచయం చేస్తున్నంత వినయం ఉంది. మా గోదావరి జిల్లాల్లో వియ్యంకుడంటే అంతే. ఆయన తుమ్మితే నాలుగు గ్లాసుల నీళ్ళు వస్తాయి. ఆయన నాకు నమస్కారం పెట్టి, కాసేపు మాట్లాడి, ప్రయాణం బడలికగా ఉందని మేడ మీది గదికి వెళ్ళాడు. ఆయన్ని కదపొద్దని ఇంట్లో అందరికీ ఆజ్ఞ అయింది.

రైతుగారి భార్య ఉండ్రాళ్ళు, కుడుములు, పులిహోర ఆకులో పెట్టి ఇచ్చింది. ఆవిడ మాట్లాడితే పక్కగదిలోకి వినబడదు. పనిమనిషిని కూడా “ఏవమ్మా, కాస్త ఆ గిన్నె ఇలా ఇస్తావా” అంటుంది. ఆ ఊళ్ళో ఆవిడ గొంతు పెరగడం ఎవరూ వినలేదని రైతుగారు మురిసిపోతూ చెప్పాడు. తర్వాత తుపాకీ తెచ్చి చూపించాడు. శుభ్రంగా తుడిచి ఉంచాడు, తూటాలు లేవు. “మీరు చెప్పినట్టే, తూటాలు బీరువాలో వేరేగా పెడుతున్నానండీ” అంటే నాకు సంతోషం వేసింది. చెప్పినమాట విన్నవాణ్ణి చూడడం మా ఉద్యోగంలో తరచూ జరిగేది కాదు.

బాగా చీకటి పడింది. నేను రెండో కుడుము మీద ఉండగా కరెంటు పోయింది. ఇల్లాలు వంటింట్లో దీపం వెలిగించే లోపల పెరట్లో “ధన్” మని చప్పుడు. రేకుల మీద రాయి పడింది.

“పిల్లి అయ్యుంటుంది” అన్నాడు రైతుగారు. మళ్ళీ “ధన్” మంది. ఈసారి రాయి రేకుల మీద దొర్లుకుంటూ కిందికి జారడం కూడా వినబడింది. పిల్లులు రాళ్ళు వేయవు. ఆయన వెనక గుమ్మంలోకి వెళ్ళి, “ఎవరండీ అదీ?” అని కేకేశాడు. దొంగని కూడా అండీ అనే మనిషి. జవాబు లేదు. “ఎవరండీ, మిమ్మల్నే!” అన్నాడు ఇంకొంచెం గట్టిగా. అరటాకులు కదిలాయి. గాలి లేదు. ఎవరో ఉన్నారు, మేం ఉన్నామని తెలిసి నిలబడి ఉన్నారు, పలకడం లేదు. మూడో రాయి పడింది.

నిజం చెప్పాలంటే నాకూ అది దొంగల పనే అనిపించింది. ఇంట్లో ఎవరైనా మెలకువగా ఉన్నారేమో చూడడానికి ముందు రాళ్ళు వేసి చూసే ముఠాల సంగతి మేం విని ఉన్నాం. మేత బస్తాల కోసం వచ్చారనుకున్నాను. చెయ్యి కడుక్కుని లేచేసరికి రైతుగారు లోపలికి వెళ్ళి వచ్చాడు. బీరువా తలుపు చప్పుడైంది. తుపాకీ మడిచి తూటాలు పెట్టి మూసిన “టక్” కూడా విన్నాను. ఆ శబ్దం నేను నిద్రలో కూడా గుర్తుపడతాను.

“ఏవండీ, ఆగండి” అంటూ వెనకే వెళ్ళాను. వంటింటి గుమ్మం, నడవ దాటి పెరటి మెట్ల దగ్గరికి చేరేసరికి ఆయన కింది మెట్టు మీద నిలబడి ఉన్నాడు. తుపాకీ భుజానికి ఆనింది. గొట్టం అరటి చెట్ల వైపు ఉంది. మీదపడి లాక్కుందామంటే ఆయన వేలు ఎక్కడుందో చీకట్లో నాకు కనబడలేదు. అలాంటప్పుడు లాక్కోవడం కంటే బుద్ధి తక్కువ పని ఇంకొకటి లేదు. అందుకని మాటల్లో పెట్టాను.

“ఇంట్లో అందరూ ఉన్నారా?”

“ఉన్నారండీ. పండక్కొచ్చిన అమ్మాయి దేవుడి గదిలో ఉంది. ఇది వంటింట్లో ఉంది. పనివాళ్ళు పందిరి దగ్గరున్నారు.”

“చూశారా, అనుకుంటున్నారా?”

“ఇప్పుడే చూసొచ్చానండీ. నేను పిలిచాను, మీరూ విన్నారు. రెండుసార్లు పిలిచాను. పలకలేదు. పలకని వాడు దొంగ కాక ఎవడండీ? మా ఇంజను పట్టుకుపోయింది వీడే.”

గొంతు వణుకుతోంది. కోపం కాదది, భయం. తుపాకీ పట్టుకున్నవాడు భయపడితే ఎదురుగా ఉన్నవాడికే కాదు, పక్కనున్నవాడికి కూడా ప్రమాదం. ఆ మాట నాకు నేర్పినాయన ఆ క్షణంలో నా వెనక నిలబడి ఉన్నట్టే అనిపించింది. ఇంతలో నాలుగో రాయి వచ్చింది. ఇది రేకుల అంచుకి తగిలి ఎగిరి, నూతి చప్టా మీద బోర్లించిన కుండ మీద పడింది. కుండ భళ్ళున పగిలింది. రైతుగారి భుజం బిగుసుకోవడం నాకు తెలిసింది.

“రైతుగారూ, మీ టార్చి ఏదండీ?” అన్నాను. వీలైనంత మామూలుగా అన్నాను, నిప్పుపెట్టె అడిగినట్టు.

“ఇదిగో, జేబులో ఉంది.”

“వెయ్యండి మరి.”

“వెలగదండీ. బ్యాటరీలు తీసి రేడియోలో వేశాను, క్రికెట్ కోసం.”

అని ఆగిపోయాడు. చెరువులో చేప ఎగిరిపడిన చప్పుడు వినబడింది. ఆయనకి స్టేషన్లో బెంచీలన్నీ నవ్విన మధ్యాహ్నం గుర్తొచ్చింది. నాకూ అదే గుర్తొచ్చింది.

“అయితే?” అన్నాను.

“అయితే...” అన్నాడు. “అయితే తుపాకీ కూడా లేదండీ.”

గొట్టం మెల్లగా కిందికి దిగింది. నేను ముందుకెళ్ళి తుపాకీ అందుకుని, మడిచి, రెండు తూటాలూ తీసి నా జేబులో వేసుకున్నాను. ఎన్నో వేలసార్లు చేసిన పని. అయినా జేబులో రెండూ ఉన్నాయో లేదో ఇంకోసారి తడిమి చూసుకున్నాను.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఇల్లాలు బయటికొచ్చింది. కుండ పగిలిన చప్పుడు ఆవిడ విన్నది. అది ఏ కుండో చప్పుడుని బట్టే ఆవిడకి తెలిసిపోయింది. చేపల పులుసు కాచే మట్టి కుండ అది, అత్తగారి చేతినుంచి వచ్చింది. అలాంటి కుండ ఏళ్ళతరబడి పులుసు పీల్చి పీల్చి దారికొస్తుంది, బజార్లో కొందామంటే దొరకదు. పండగనాడు నీసు వండరు కాబట్టి ఆ ఒక్కరోజూ తోమి బోర్లించింది.

“ఎవడ్రా అదీ!” అంది. ఆ కేకకి నేనూ రైతుగారూ ఇద్దరం అటెన్షన్‌లో నిలబడ్డాం. “నీ చేతులు పడిపోనూ! చీకటి పడితే రాళ్ళేసుకోడానికి మా కొంపే దొరికిందిరా నీకు? మా అత్తగారి కుండరా అది! నిన్ను అనడం కాదురా, నిన్ను కన్నవాళ్ళని అనాలి. నీకు పూటపూటా పెట్టి మేపుతున్న మహాతల్లి ఎవత్తో దాన్ని అనాలి! దున్నపోతులా తిని ఇదా నువ్వు వెలగబెట్టే పని? దమ్ముంటే బయటికి రారా, నీ వీపు విమానం మోత మోగించకపోతే నన్నడుగు!”

తర్వాత అరటి చెట్లలోంచి ఎంతో తృప్తిగా, ఎంతో మర్యాదగా ఒక గొంతు వినబడింది.

“చాలు చెల్లెమ్మగారూ. చాలమ్మా. పుణ్యముంటుంది.”

నా పక్కన రైతుగారు మెట్టు మీద కూలబడ్డాడు. ఆకులు తప్పించుకుంటూ పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, కండువాలో ఇంకా నాలుగు గులకరాళ్ళు మూటగట్టి, తాడేపల్లిగూడెం వియ్యంకుడుగారు బయటికి వచ్చారు. ఇల్లాలు ఆయన్ని చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, వంటింట్లోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. లోపల దీపం కూడా ఆర్పేసింది.

“బావగారూ, మీరా” అన్నాడు రైతుగారు. నేను తుపాకీని గోడ చాటుకి జరిపాను, కానీ ఆలస్యమైంది. వియ్యంకుడుగారు దాన్ని చూశారు. ముందు తుపాకీని, తర్వాత తను నిలబడి వచ్చిన అరటి చెట్లని, తర్వాత మా ఇద్దరి మొహాల్ని చూశారు. కండువాలో రాళ్ళు ఒక్కొక్కటే జారి కిందపడ్డాయి. ఆయన కూడా వచ్చి అదే మెట్టు మీద రైతుగారి పక్కన కూర్చున్నారు.

నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. నేను పెరిగింది చర్చి పక్కన. చవితినాడు చంద్రుణ్ణి చూడకూడదని తెలుసు, కుడుముల రుచి తెలుసు, అంతకు మించి తెలియదు. “అయ్యా, మీరు రాళ్ళెందుకు వేశారండీ?” అని పోలీసు భాషలోనే అడిగాను. ఆయన చెప్పిన సంగతి ఇది.

చవితినాడు కథ విని, అక్షింతలు తలమీద వేసుకున్నవాళ్ళకి చంద్రుణ్ణి చూసినా దోషం లేదు. కథ వినకుండా చూస్తే ఆ ఏడాది చేయని తప్పుకి నింద పడుతుంది. దానికి విరుగుడు ఒక్కటే, తిట్లు తినడం. ఎవరింటి మీదన్నా రాళ్ళు వేసి వాళ్ళచేత తిట్టించుకుంటే వచ్చే నింద అక్కడితో చెల్లిపోతుంది. ఈయన బస్సు ఆలస్యమై పూజకీ, కథకీ అందలేదు. అందుకని వరండాలో కూర్చున్నంతసేపూ తల ఎత్తలేదు. చీకటి పడ్డాక బయటి మెట్ల మీంచి మేడ దిగి, కాళ్ళు కడుక్కుందామని తల వంచుకునే చెరువు రేవులోకి వెళ్ళారు.

“పైకి చూడలేదండీ, ఒట్టు. నీళ్ళలో కనబడ్డాడు. సన్నగా, నవ్వుతున్నట్టు. పాలలో చూసిన దేవుడికే నింద తప్పలేదు, చేపల చెరువులో చూసిన నాకు తప్పుతుందా? మూడేళ్ళ కిందట ఇలాగే చూశాను. ఏముందిలే అని ఊరుకున్నాను. ఆ ఏడు మంచి ఉల్లిపాయల్లో కుళ్ళు పాయలు కలిపానని మార్కెట్టంతా నన్ను అన్నారు. నేను కలపలేదండీ. కలిపినవాడు ఎవడో తర్వాత తేలింది. కానీ తేలేదాకా నేను మార్కెట్లో తలెత్తుకోలేదు, ఇంట్లో అన్నం తినలేదు.”

ఆ మాట అని పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నారు. నవ్వొచ్చిన నాకు నవ్వు ఆగిపోయింది.

“మరి పిలిస్తే పలకలేదేంటి బావగారూ?” అన్నాడు రైతుగారు. ఏడుస్తున్నాడో అడుగుతున్నాడో తెలియడం లేదు.

“పలికితే మీరేమంటారు? అయ్యో బావగారూ, చీకట్లో ఇలా వచ్చారేంటి, లోపలికి రండి, మజ్జిగ తాగండి అంటారు. వియ్యంకుణ్ణి ఎవరన్నా తిడతారా? ఎవరో తెలియకుండా ఉంటేనే కదా తిట్లు పడేది. ఊళ్ళో ఇంకో ఇంటికి వెళదామంటే నాకెవరూ తెలియరు, పట్టుకుని తంతారేమోనని భయం. మీ ఇల్లయితే నయమనుకున్నాను. రేకులైతే పగలవని చూసి మరీ వేశాను. మీరేమో ఎన్ని రాళ్ళు వేసినా ఎవరండీ, ఎవరండీ అంటారు గానీ ఒక్క తిట్టు తిట్టరు. నేనేం చేయను? ఇంకోటి, ఇంకోటి వేస్తూ పోయాను. తుపాకీ ఉందని నాకెవరూ చెప్పలేదు బావగారూ.”

నేను రైతుగారి వైపు తిరిగాను. “ఇంట్లో అందరూ ఉన్నారన్నారు కదండీ?”

“ఉన్నారు కదండీ” అన్నాడు. “బావగారు చుట్టం. చుట్టాన్ని ఇంట్లోవాళ్ళ లెక్కలో ఎలా వేస్తామండీ?”

ఎంత చదువుకున్నా, ఎంత శిక్షణ ఇచ్చినా ఈ జవాబు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. ఇంట్లో మనుషుల్ని చూసుకోమని నేను చెప్పాను. ఆయన చూసుకున్నాడు. మేడ మీద గదిలోకి తొంగిచూస్తే వియ్యంకుడి నిద్రకి భంగమని చూడలేదు. మర్యాద ఎక్కువైన ఇంట్లో ఆ మర్యాదే ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ ఇద్దరూ అలా మెట్టు మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని కూర్చుంటే నేను కాసేపు అవతలికి వెళ్ళి కుండ పెంకులు ఏరాను. వాళ్ళు చూడకుండా కళ్ళు తుడుచుకోవడానికి నాకూ ఏదో ఒక పని కావాలి.

వంటింటి తలుపు తీయించడం అన్నిటికంటే కష్టమైంది. “నేను రానండీ. అన్నయ్యగారికి ఈ మొహం ఎలా చూపించను?” అని లోపల్నుంచి పాత మెత్తటి గొంతు. దున్నపోతు అన్న గొంతూ, ఇదీ ఒకే మనిషివంటే నమ్మడం కష్టం. వియ్యంకుడుగారు తలుపు దగ్గర నిలబడి, “అమ్మా, మీరు తిట్టకపోతే నేను తెల్లారేదాకా రాళ్ళేస్తూనే ఉండేవాణ్ణి. ఇన్నేళ్ళలో నన్ను ఇంత శుభ్రంగా ఎవరూ తిట్టలేదు. మా ఆవిడ కూడా తిట్టలేదు” అన్నారు. లోపల నవ్వాపుకున్న చప్పుడైంది. గడియ తీసింది. ఆ రాత్రి ఆయనకి వడ్డించినంత నెయ్యి నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు ఎస్సైగారికి జరిగింది చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, నవ్వడం ఆపి, మంచినీళ్ళు అడిగి తాగాడు. తర్వాత నాకు పని నేర్పినాయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయనకి చూపు మందగించింది. గడప బయట నిలబడి పేరు చెప్పాకే లోపలికి రమ్మన్నాడు. అంతా విని, “పిలవమని చెప్పావు, బాగానే ఉంది. పలకనివాళ్ళ సంగతి నేనే నీకు సరిగా చెప్పలేదురా. చెవిటివాడు పలకడు, తాగినవాడు పలకడు, భయపడ్డవాడు పలకడు. తిట్లు కావలసినవాడు పలకడని నాకూ ఇవాళే తెలిసింది” అన్నాడు. ఆ వయసులో కొత్తది నేర్చుకున్నందుకు ఆయనకి చెప్పలేనంత సంతోషం.

రైతుగారు ఆ వారంలోనే తుపాకీ తెచ్చి ఇచ్చేశాడు. ఉంచుకోవచ్చు, మీ తప్పేమీ లేదన్నా వినలేదు. “ఇంజను పోతే ఇంకోటి కొనుక్కుంటానండీ” అన్నాడు. జేబులోంచి టార్చి తీసి నా మొహం మీద వేసి చూపించాడు. కొత్త బ్యాటరీలు. తర్వాతి ఎన్నికలకి నేను మళ్ళీ ఆ స్టేషన్లో మాట్లాడవలసి వస్తే, తుపాకీ లేకపోయినా ఆయన వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. నా ఉపన్యాసం మధ్యలో లేచి, పేర్లు లేకుండా తన కథ తనే చెప్పాడు. ఈసారి ఎవరూ టీ కొట్టు వైపు చూడలేదు. ఆ రోజు నుంచి నా మాటల్లో ఒక ముక్క చేరింది. ఇంట్లోవాళ్ళనే కాదు, చుట్టాల్ని కూడా లెక్కపెట్టండి, పడుకున్నారని అనుకోవద్దు, తలుపు తీసి చూడండి. పిల్లలూ, మీకూ అదే చెబుతున్నాను. ఎంతమందిని కాల్చారని నన్నడిగేకంటే ఇది రాసుకుంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

వియ్యంకుడుగారు ఇప్పుడు బాగా పెద్దవారయ్యారు. బస్సెక్కి తిరిగే ఓపిక లేదు. అయినా ప్రతి చవితి సాయంత్రం, చంద్రుణ్ణి చూసినా చూడకపోయినా, గూడెం నుంచి చెల్లెమ్మగారికి ఫోను చేస్తారు. ఆవిడ ముందు క్షేమసమాచారాలు అడుగుతుంది, మందులు వేసుకున్నారా అంటుంది, తర్వాత తలుపు దగ్గరగా వేసుకుని గొంతు సవరించుకుంటుంది. కిందటి చవితికి నేను ఆ ఇంటి వరండాలోనే కూర్చుని ఉన్నాను. తలుపు వేసినా వినబడింది. పులుసు కుండ దగ్గర మొదలుపెట్టి దున్నపోతు దాకా, ఒక్క ముక్క వదలకుండా తిట్టింది. అవతల్నుంచి ఆయన నవ్వు ఫోనులోంచి బయటికి వినబడుతోంది.